తెలుగు నక్షత్రాల దారిలో ఉంది, బో భాష ఎక్కడుంది?

అండమాన్ దీవుల రాజధాని పోర్ట్‌బ్లెయిర్ శివారులో ఆస్టినాబాద్ అనే ఊరుంది. రాజధానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వంద మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి ఓడలెక్కి వచ్చినవారు. బెంగాలీ, తమిళం, హిందీ కలగలిసి వినబడే ఈ ఊళ్లలో తెలుగులో ఒక మాట అంటే తెలుగులోనే బదులిచ్చే మనిషి దొరకడం కష్టం కాదు.

అదే తెలుగు భూమికి 2,500 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో కూడా ఉంది. 1977 సెప్టెంబర్ 5న బయలుదేరిన వాయేజర్-1 వ్యోమనౌకకు బిగించిన బంగారు పూత రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి. వాటిలో తెలుగు ఒకటి. నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు అందించే చిన్న వాక్యమది. కొన్ని క్షణాల్లో అయిపోతుంది. తెలుగువాళ్లు ఈ సంగతిని గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే.

అయితే అండమాన్ నేల మీద వేల ఏళ్లుగా పలికిన భాషల్లో ఒక్కటీ ఆ రికార్డులో లేదు. ఓడలో వచ్చినవాళ్ల భాష నక్షత్రాల వైపు వెళ్లింది. దీవిలో పుట్టిన భాష దీవిలోనే నిలవలేకపోయింది. భూమి శబ్దాలను అంతరిక్షంలోకి పంపే మాట వచ్చినప్పుడల్లా ఏ పాట పంపాలి, ఎవరి పేరు పంపాలి అనే చర్చే సాగుతుంది. పంపడానికి మన దగ్గర అసలు ఏం మిగిలిందన్న ప్రశ్న అంతగా వినబడదు.

ముందు చిన్న సంగతి ఒకటి. అంతరిక్షంలోకి శబ్దాన్ని పంపడం సాధ్యం కాదు. శబ్దమంటే గాలిలోనో నీటిలోనో ఒత్తిడి హెచ్చుతగ్గుల అల. శూన్యంలో దాన్ని మోసుకుపోయేది ఏదీ లేదు. పంపగలిగేది ఆ అల ఆకారాన్ని మాత్రమే. దానికి రెండు దారులు. ఆకారాన్ని లోహం మీద చెక్కి వస్తువుగా పంపవచ్చు. లేదా రేడియో తరంగంలో కలిపి ప్రసారం చేయవచ్చు.

వాయేజర్ బృందం మొదటి దారి పట్టింది. కార్ల్ సేగన్ నాయకత్వంలో ఫ్రాంక్ డ్రేక్, ఆన్ డ్రూయన్, టిమతీ ఫెరిస్, జాన్ లోంబర్గ్, లిండా సేగన్ కొన్ని వారాల్లోనే ఈ పని ముగించారు. 30 సెంటీమీటర్ల రాగి పళ్లెం, దాని మీద బంగారు పూత. నిమిషానికి 16⅔ చుట్లు తిరగాలి. మామూలు ఎల్పీ రికార్డు వేగంలో ఇది సగం. నెమ్మదిగా తిప్పితే అదే చోటులో ఎక్కువ సేపటి శబ్దం పడుతుంది. నాణ్యత కొంత తగ్గినా దాదాపు 90 నిమిషాల సంగీతం ఇమిడింది. 27 సంగీత ఖండాలు, 115 చిత్రాలు, భాషల పలకరింపులు, గాలి, వాన, అలలు, కప్పలు, కీచురాళ్లు, తిమింగలాల పాట, తల్లీబిడ్డల ముచ్చట, రాకెట్ హోరు, ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఈ రికార్డులో మెచ్చుకోవలసింది పాటల ఎంపిక కన్నా దాని ఇంజనీరింగ్. గాడి వంపులే శబ్దం అల ఆకారం. ఆ శబ్దాన్ని తిరిగి వినడానికి ఏ ఫైలు ఫార్మాటూ, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. సూది ఆ వంపుల వెంట నడిస్తే చాలు. ఆ సూదినీ, దాని కార్ట్రిడ్జినీ కూడా రికార్డుతో పాటే పంపారు. ఎంత వేగంతో తిప్పాలో మూత మీద బొమ్మ గీశారు. భూమి మీది సెకను గురించి పరాయివారికి తెలియదు కాబట్టి హైడ్రోజన్ పరమాణువులో జరిగే ఒక మార్పుకు పట్టే కాలాన్ని, అంటే సెకనులో వంద కోట్లవ వంతుకు కూడా కాస్త తక్కువను, కొలమానంగా తీసుకున్నారు. రికార్డు వయసు తెలియడానికి మూత మీద యురేనియం-238 పూత పూశారు. అందులో సగం తరిగిపోవడానికి సుమారు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. ఎంత మిగిలిందో చూస్తే ఎప్పుడు బయలుదేరిందో లెక్క కట్టవచ్చు. వినేవాళ్లు ఎవరో తెలియనప్పుడు ఎంత జాగ్రత్త పడాలో అంత జాగ్రత్తా పడ్డారు.

అంత జాగ్రత్త ఎంపికలో సాధ్యం కాలేదు. పలకరింపులు ఎక్కువగా కార్నెల్ విశ్వవిద్యాలయం దగ్గర దొరికిన మనుషులతో రికార్డు చేసినవి. అందుకే జాబితా విచిత్రంగా ఉంటుంది. తెలుగు, కన్నడం ఉన్నాయి. తమిళం, మలయాళం లేవు. ఒడియా, రాజస్థానీ ఉన్నాయి. ఆఫ్రికాలో కోట్ల మందికి తెలిసిన స్వాహిలి లేదు. దీన్ని కుట్ర అనుకోనక్కర్లేదు. సమయం తక్కువ, పరిచయాలు పరిమితం. తెలుగు ఆ రికార్డులోకి చేరడంలో దాని ప్రాచీనత కన్నా, 1977లో ఆ ఊళ్లో తెలుగు మనిషి ఒకరు ఉండటం ఎక్కువ పని చేసింది.

మన సంగీతం నుంచి చేరినది ఒకే ఒక్కటి, కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి. మూడున్నర నిమిషాలు. సంగీత పరిశోధకుడు రాబర్ట్ బ్రౌన్ దీన్ని సూచించారు. అప్పటికే ఆ ఎల్పీ దొరకడం గగనమైంది. చివరికి న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూలో భారతీయులు నడిపే ఒక దుకాణంలో, బల్ల కింద అట్టపెట్టెలో దొరికింది. ఆ పెట్టెను ఎవరైనా చెత్తబుట్టలో వేసి ఉంటే భారతదేశం తరఫున ఏ గొంతు వెళ్లేదో! వాయేజర్-1 బయలుదేరిన 11 రోజులకు, సెప్టెంబర్ 16న, కేసర్‌బాయి కన్నుమూశారు.

ఆ పాట పక్కన ఆమె పేరుంది. అందరికీ ఆ భాగ్యం లేదు. నాసా ప్రచురించిన జాబితాలో జైర్ అడవుల పిగ్మీ బాలికల పాట ఎదురుగా ఉన్న పేరు రికార్డు చేసిన కోలిన్ టర్న్‌బుల్‌ది. పెరూ పెళ్లిపాట ఎదురుగా జాన్ కోహెన్ పేరు, నవాహో రాత్రి గానం ఎదురుగా విలర్డ్ రోడ్స్ పేరు ఉన్నాయి. పాడినవాళ్ల పేర్లు లేవు. మైకు పట్టుకున్నవాళ్లకు పేరు దక్కింది, గొంతు ఇచ్చినవాళ్లకు తెగ పేరు మాత్రమే మిగిలింది. ఆనాటి పద్ధతి అలాంటిదని సర్దుకోవచ్చు. ఇప్పుడు కూడా అలాగే చేస్తే సర్దుకోవడం కష్టం.

ఈ జాబితాలో గుచ్చుకునే విషయం మరొకటి ఉంది. ఆ 55 భాషల్లో సుమేరియన్, అక్కాడియన్, హిట్టైట్ ఉన్నాయి. మూడూ వేల ఏళ్ల కిందట జనం నోట చచ్చిపోయిన భాషలు. మట్టి పలకల మీద రాత మిగిలింది కాబట్టి నేటి పండితులు ఉచ్చారణను ఊహించి పలికారు. సరిగ్గా అదే 1977లో అండమాన్‌లో బోవా సీనియర్ అనే మహిళ జీవించే ఉన్నారు. వయసు యాభైకి అటూ ఇటూ. ఆమె తల్లిభాష బో. చచ్చిన భాష రాత ఉన్న పుణ్యాన రికార్డెక్కింది. బతికున్న భాషకు రాత లేదు, అడిగేవాళ్లూ లేరు.

బో అంటే ఎవరు? గ్రేట్ అండమాన్ దీవుల్లో ఒకప్పుడు పది తెగలు ఉండేవి, ఒక్కో తెగకు ఒక్కో భాష. 1858లో బ్రిటిష్‌వాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో శిక్షా స్థావరం పెట్టేనాటికి వాళ్ల సంఖ్య కొన్ని వేలు. తర్వాత ఘర్షణలు వచ్చాయి, బయటివాళ్లు తెచ్చిన రోగాలు వచ్చాయి. 1877లో తట్టు వ్యాపించి చాలామందిని తీసుకుపోయింది. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టినది కూడా అదే ఏడాది. మనిషి గొంతును పట్టి ఉంచే యంత్రం వచ్చిన సంవత్సరంలోనే కొన్ని గొంతులు ఆగిపోయాయి. 1961 జనాభా లెక్కల నాటికి గ్రేట్ అండమానీలు 19 మంది. ఇప్పుడు యాభై పైచిలుకు. ఎక్కువ మంది స్ట్రెయిట్ ద్వీపంతో, పోర్ట్‌బ్లెయిర్‌తో ముడిపడినవారే. వాళ్ల రోజువారీ మాట హిందీ.

2005 నుంచి జేఎన్‌యూ భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి ఈ భాషలను నమోదు చేసే పని పెద్ద ఎత్తున చేపట్టారు. బోవా సీనియర్ పాటలు, కథలు, 2004 భూకంపం, సునామీ జ్ఞాపకాలు అలా రికార్డయ్యాయి. అప్పటికే బో భాషలో ఆమెతో మాట్లాడగల మరో మనిషి లేరు. ఆమె పక్షులతో మాట్లాడేవారని అబ్బి చెప్పారు. ఆ జనానికి పక్షులు తమ పూర్వీకులు. 2010 జనవరి 26న, సుమారు 85 ఏళ్ల వయసులో బోవా సీనియర్ పోర్ట్‌బ్లెయిర్‌లో మరణించారు. బో భాష ఆమెతోనే ముగిసింది.

పోయింది కొన్ని పదాలే కదా అనుకునేవాళ్లకు ఒక ఉదాహరణ. గ్రేట్ అండమానీ భాషల వ్యాకరణం మనిషి శరీరం మీద నిలబడింది. శరీరాన్ని ఏడు భాగాలుగా చూసి, ఒక్కో భాగానికి ఒక్కో చిన్న గుర్తును మాట ముందు చేరుస్తారు. ఆ గుర్తులు నోరు, చెయ్యి లాంటి పేర్లకే పరిమితం కావు, క్రియలకూ గుణాలను చెప్పే మాటలకూ కూడా వస్తాయి. లోపల జరిగే పని, నోటితో జరిగే పని, చేతులతో జరిగే పని మాట మొదటి ధ్వనిలోనే తెలిసిపోతాయి. తెలుగులో గానీ సంస్కృతంలో గానీ ఇలాంటి ఏర్పాటు లేదు. ఇది విడిగా ఒక భాషా కుటుంబమని అబ్బి వాదన. మనిషి మెదడు భాషను ఎన్ని రకాలుగా కట్టగలదో తెలుసుకోవాలంటే ఇలాంటి నమూనాలే ఆధారం. ఖగోళ శాస్త్రవేత్తకు అరుదైన నక్షత్రం ఎంతో భాషాశాస్త్రవేత్తకు ఇది అంత. తేడా ఒక్కటే, నక్షత్రం రేపు రాత్రి కూడా ఉంటుంది.

ఇక రెండో దారి, రేడియో. ఇది ఇప్పుడు జోరుగా ఉంది. 2008 ఫిబ్రవరి 4న నాసా మాడ్రిడ్ దగ్గరి యాంటెన్నా నుంచి బీటిల్స్ పాట ఒకదాన్ని ధ్రువ నక్షత్రం వైపు ప్రసారం చేసింది. 2024 జులైలో మిస్సీ ఎలియట్ పాటను శుక్రగ్రహం వైపు పంపింది. 2025 మే 31న యూరప్ అంతరిక్ష సంస్థ స్పెయిన్‌లోని యాంటెన్నా నుంచి యోహాన్ స్ట్రాస్ వాల్ట్జ్ సంగీతాన్ని వాయేజర్-1 ఉన్న దిక్కుకు వదిలింది. బంగారు రికార్డులో ఆ స్వరం లేదన్న లోటు తీర్చడం దాని ఉద్దేశం. 48 ఏళ్లు వాయేజర్ నడిచిన దూరాన్ని ఆ తరంగం ఒక రోజు కూడా పట్టకుండా దాటేసింది.

వినడానికి ఘనంగా ఉంటుంది. కానీ రేడియో తరంగం దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు, పది రెట్లైతే వందో వంతుకు పలచబడుతుంది. ఒక పాట వివరాలన్నీ తెలిసేంత బలంగా నక్షత్రాల దూరంలో అందాలంటే అవతల ఊహకందనంత పెద్ద యాంటెన్నా ఉండాలి, అది సరిగ్గా ఆ సమయానికి ఇటే తిరిగి ఉండాలి. బంగారు రికార్డు సంగతీ అంతే. మరో నక్షత్రానికి 1.6 కాంతి సంవత్సరాల దూరంలోకి వాయేజర్-1 వెళ్లడానికే 40 వేల ఏళ్లు పడుతుంది. అంటే ఈ ప్రయత్నాలన్నిటికీ అసలు శ్రోతలు భూమి మీదివాళ్లే. అందులో తప్పేమీ లేదు, పండగ చేసుకోవడానికి శాస్త్రానికీ హక్కుంది. యూరోపా క్లిప్పర్ నౌక 2024 అక్టోబర్‌లో మోసుకెళ్లిన లోహపు పలక మీద ‘నీరు’ అనే మాట 103 భాషల్లో పలికినప్పటి అలల ఆకారాలు చెక్కి ఉన్నాయి. అందమైన ఆలోచన. అయితే ఆ పలక మీదికి చేరాలన్నా ముందు ఎవరో ఒకరు ఆ మాటను నోటితో పలకాలి.

వాయేజర్ నుంచి నేర్చుకోవలసింది పంపే నేర్పు కన్నా దాచే నేర్పు. ఆ రికార్డు వంద కోట్ల ఏళ్లు ఉంటుందని అంచనా. భూమి మీద మాగ్నెటిక్ టేపు బతుకు కొన్ని దశాబ్దాలు. ఐరన్ ఆక్సైడ్ పొడిని ప్లాస్టిక్ పట్టీకి అంటించి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది, టేపు జిడ్డుగా మారి ప్లేయరు హెడ్‌కు అతుక్కుంటుంది. తీర ప్రాంతాల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. అండమాన్ లాంటి చోట చెప్పనే అక్కర్లేదు. టేపు బాగున్నా దాన్ని తిప్పే యంత్రం దొరకదు. వాయేజర్‌వాళ్లు పరాయి లోకానికి కూడా సూదిని జతచేసి పంపారు. ఇక్కడేమో టేపులను బీరువాలో దాచి ప్లేయర్లను పాత సామాన్లవాడికి అమ్మేస్తారు.

డిజిటల్‌లో దాచితే గొడవ ఉండదనుకోవడమూ పొరపాటే. ఎంపీ3 ఫైలు మనిషి చెవికి వినబడదని లెక్కగట్టిన ధ్వనులను తీసిపారేస్తుంది. పాట వినడానికి అది చాలు. తెలియని భాషలో ఏ చిన్న ధ్వని తేడాకు ఏ అర్థముందో తెలియనప్పుడు దేన్ని పారేయాలో యంత్రం ఎలా నిర్ణయిస్తుంది? అందుకే భాషలను భద్రపరిచేవాళ్లు కుదింపు లేని వేవ్ ఫైళ్లే అడుగుతారు. అల ఆకారాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలన్న వాయేజర్ సూత్రమే ఇదీ.

బోవా సీనియర్ గొంతుతో సహా అబ్బి సేకరణ లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్‌లోని అంతరించిపోతున్న భాషల భాండాగారానికి చేరింది. ఆ భాండాగారం 2021లో బెర్లిన్‌కు మారింది. అక్కడ భద్రంగా ఉండటం సంతోషమే. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ కూడా పదివేల మంది లోపు మాట్లాడే భాషల కోసం 2013 నుంచి ఒక పథకం నడుపుతోంది. అయినా ఆ రికార్డింగుల ప్రతి ఒకటి అండమాన్‌లోనే, ఆ జనం పిల్లలు అడిగిన వెంటనే వినగలిగే చోట ఉండాలి. ఇస్రోకు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉపగ్రహాలను వెన్నంటే కేంద్రం ఉంది. ఆకాశం నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పట్టుకునే ఏర్పాటు ఉన్న ఊళ్లో, పక్క దీవి ముసలమ్మ పాట వినే గది ఒకటి ఏర్పాటు చేయడం పెద్ద పనేమీ కాదు.

అన్నిటినీ రికార్డు చేయాలనడమూ సరికాదు. ఉత్తర సెంటినెల్ ద్వీపవాసుల భాష బయట ఎవరికీ తెలియదు. వాళ్లకు బయటివాళ్లు అక్కర్లేదు, 1956 నాటి రక్షణ నిబంధనలు కూడా అటు వెళ్లడాన్ని నిషేధిస్తాయి. ఆ భాష ఎంత విలువైనదైనా వినకుండా ఉండటమే మర్యాద. జారవాలను పర్యాటకుల ముందు ఆడించి తీసిన వీడియోలు 2012లో బయటికొచ్చినప్పుడు, అనుమతి లేని కెమెరా ఎంత నీచానికి దిగుతుందో దేశమంతా చూసింది. గొంతు ఎవరిదో వాళ్లను అడగాలి, వాళ్ల పేరు రాయాలి, వద్దంటే ఆపాలి. బంగారు రికార్డు జాబితాలో లేని పేర్లు గుర్తుచేసేది ఇదే.

ఈ పని తెలుగువాళ్లకు కొత్త కాదు. అండమాన్ తెలుగువాళ్లలో చాలామంది పూర్వీకుల ఊళ్లున్న ఉత్తరాంధ్ర నుంచే గిడుగు రామమూర్తి వచ్చారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవరల కోసం బళ్లు పెట్టారు, సవర వ్యాకరణం, నిఘంటువు రాశారు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన మనిషిగా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు సభల్లో సవర పేరు వినబడేది తక్కువ.

ఆస్టినాబాద్ తెలుగు సంగతీ ఆలోచించదగినదే. కళింగాంధ్ర యాస, వలలు లాగేటప్పటి పాటలు, పక్కింటి బెంగాలీ, తమిళం, బజారు హిందీ కలిసి అక్కడ తయారయ్యే తెలుగు మరెక్కడా ఉండదు. మొదటి తరంలో ఓడ దిగినవాళ్ల మాట మనవళ్ల నోట అలాగే ఉండదు. దాన్ని పట్టుకోవడానికి నాసా అక్కర్లేదు. ఫోను చాలు, వేవ్ ఫార్మాట్ ఎంచుకోవాలి, ఫ్యాను ఆపాలి, మాట్లాడే మనిషి పేరు, ఊరు, తేదీ, అనుమతి ముందుగా చెప్పించి రికార్డు చేయాలి.

స్ట్రెయిట్ ద్వీపానికి పోర్ట్‌బ్లెయిర్ నుంచి పడవలో కొన్ని గంటల ప్రయాణం. అది రక్షిత ప్రాంతం, ప్రభుత్వ అనుమతి కావాలి. గ్రేట్ అండమానీ మాటలు గుర్తున్న పెద్దలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే.